మాటను దిద్దుకునే గడువు

ఫోనులో పంపిన మాటను దిద్దుకునే వెసులుబాటు నేడు మనందరి చేతిలోనూ ఉంది. తప్పుపడిన అక్షరాన్ని సరిచేయవచ్చు, తొందరపడి పంపిన వాక్యాన్ని మార్చవచ్చు. అయితే ఈ వెసులుబాటుకు ఒక హద్దు ఉంది. వాట్సప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల లోపు మాత్రమే దిద్దగలం. ఆ తర్వాత సందేశంపై వేలు ఎంతసేపు అదిమిపట్టినా దిద్దే మీట కనిపించదు.

మన మాటను మనం సరిచేసుకోవడానికి మరెవరో గడువు పెట్టడమేమిటని చాలామంది విసుక్కుంటారు. ఆ విసుగు సహజమే. కానీ నేడు మన ఇళ్ల వ్యవహారాలలో అధికభాగం ఈ సందేశాల మీదనే నడుస్తోంది. సంబంధాల విచారణ, నిఖా తేదీ, చేబదులు లెక్కలు, జనాజా సమయం, మస్జిద్ చందాలు, రోగులకు సహాయం - అన్నీ కుటుంబ గ్రూపులోనో మొహల్లా గ్రూపులోనో తేలిపోతున్నాయి. కనుక ఈ పావుగంట గడువును ఒక యంత్రపు నియమంగా మాత్రమే చూడలేము. అన్న మాట ఎంతవరకు మనది, ఎప్పటి నుంచి అది విన్నవారిది కూడా అవుతుంది అనే ప్రశ్న దాని వెనుక ఉంది. ఆ ప్రశ్ననే ఈ వ్యాసంలో పరిశీలించదలిచాము.

ఏ గడువు ఎంత?

వాట్సప్ 2017 చివరలో, పంపిన సందేశాన్ని అందరి ఫోన్ల నుంచి తొలగించే వీలు కల్పించింది. అప్పుడు దానికి పెట్టిన గడువు 7 నిమిషాలు. 2018లో దానిని గంటకు పైగా పెంచారు. 2022 ఆగస్టులో అది 2 రోజులకు పైబడింది. సందేశాన్ని దిద్దే వీలు మాత్రం 2023 మే నెలలో వచ్చింది. దాని గడువు 15 నిమిషాలు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. తొలగించడానికి రెండు రోజులకు పైగా సమయం ఇచ్చిన చోటనే, దిద్దడానికి పావుగంట మాత్రమే ఇచ్చారు. పైకి ఇది తలకిందులుగా తోస్తుంది. తుడిచివేయడం పెద్ద పని, దిద్దడం చిన్న పని కదా! కానీ ఆలోచిస్తే తేడా బోధపడుతుంది. సందేశాన్ని తొలగించినప్పుడు ఆ స్థానంలో ‘ఇక్కడి సందేశం తొలగించబడింది’ అనే గుర్తు మిగులుతుంది. ఏదో ఉండేదనీ, ఇప్పుడు లేదనీ అందరికీ తెలుస్తుంది. దిద్దినప్పుడు అలా కాదు. పాత మాట ఉన్న చోటనే కొత్త మాట వచ్చి కూర్చుంటుంది. పక్కన ‘సవరించినది’ అనే చిన్న గుర్తు ఉంటుంది గాని, మొదట ఏముండేదో వాట్సప్ చూపదు. మారింది ఒక అక్షరమా, మొత్తం అర్థమా అన్నది చదివేవారికి తెలిసే మార్గం లేదు.

ఇతర సంస్థలు ఇతర పద్ధతులు పాటిస్తున్నాయి. ఆపిల్ ఫోన్లలోని ఐమెసేజ్‌లో 15 నిమిషాల లోపు 5 సార్ల వరకు దిద్దవచ్చు. పాత రూపాలను అవతలివారు తెరిచి చూసుకోవచ్చు. సిగ్నల్‌లో 24 గంటల వరకు దిద్దే వీలుంది. అక్కడ కూడా పాత రూపాలు కనిపిస్తాయి. టెలిగ్రామ్ సంభాషణలలో 48 గంటల గడువు ఉంది. ఫేస్‌బుక్‌లో రాసిన దానిని ఎప్పుడైనా మార్చవచ్చు, కానీ మార్పుల చరిత్ర అందుబాటులో ఉంటుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ అంతే. అక్కడ ఏ వ్యాసాన్నైనా ఏ రోజైనా దిద్దవచ్చు. అయితే ఎవరు, ఎప్పుడు, ఏ మాట తీసి ఏ మాట పెట్టారో ప్రతి మార్పూ నమోదై ఉంటుంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. పాత మాట అందరికీ కనిపించేలా ఉంచితే, దిద్దడానికి ఎక్కువ సమయం ఇచ్చినా నష్టం తక్కువ. పాత మాటను మరుగుపరిస్తే, గడువును కుదించక తప్పదు. వాట్సప్ రెండో దారిలో ఉంది గనుక అక్కడ చదివేవారికి ఉన్న ప్రధాన రక్షణ ఆ పావుగంట హద్దే.

నలభై ఆమీన్లు

ఈ రక్షణ ఎవరికోసమో ఒక ఉదాహరణతో చూద్దాము. ఒక గ్రూపులో ఎవరో తమ తల్లి ఆరోగ్యం కోసం దుఆ చేయమని కోరారనుకోండి. నలభై మంది ‘ఆమీన్’ అని రాశారు. మరో వారం తర్వాత ఆ సందేశాన్నే మార్చి, దాని స్థానంలో ఒక వ్యక్తిపై నింద రాయగలిగితే ఏమవుతుంది? నలభై మంది ఆమీన్లూ ఆ నింద కిందనే నిలిచిపోతాయి. కొత్తగా చదివేవారు, ఇంతమంది పెద్దలు ఈ నిందను సమర్థించారన్నమాట అనుకుంటారు. మాట మార్చినది ఒక్కరు. సాక్షులుగా మారినది నలభై మంది.

సంబంధాల విషయంలోనూ ఇంతే. ‘మాకు ఏ కోరికలూ లేవు, నిఖా సాదాగా జరిగితే చాలు’ అని అబ్బాయి తరఫు పెద్దలు రాశారు. అమ్మాయి మామూ ‘అల్‌హమ్దులిల్లాహ్, మాకు సమ్మతమే’ అని బదులిచ్చాడు. ఆ తర్వాత మొదటి వాక్యం మారిపోతే, ఆ మామూ ఇచ్చిన సమ్మతి ఆయన ఎన్నడూ ఎరుగని షరతులకు సమ్మతి అయిపోతుంది.

మాట ఒక్కరి నోటి నుంచి వస్తుంది. కానీ దానికి బదులు వచ్చిన తర్వాత అది ఒక్కరిది కాదు. ఇతరులు ఆ మాట మీద తమ మాటను నిలబెట్టారు. కింది రాయిని లాగితే పైనున్న గోడ పడిపోతుంది. గడువు విధించడంలోని న్యాయం ఇదే.

హదీసువేత్తల కలం, కత్తి

రాసిన దానిని ఎలా దిద్దాలి అనే ప్రశ్న మన సమాజానికి కొత్తది కాదు. చేతిరాత కాలంలో హదీసువేత్తలు దీనిపై ఎంతో లోతుగా చర్చించారు. హిజ్రీ 643 (క్రీ.శ. 1245)లో మరణించిన ఇమామ్ ఇబ్ను సలాహ్ (రహ్మ) డమాస్కస్‌లో హదీసు విద్య బోధించారు. ‘ముఖద్దిమా’గా ప్రసిద్ధి చెందిన ఆయన గ్రంథంలో హదీసులు రాసే మర్యాదలకు ఒక అధ్యాయమే ఉంది.

ఆ రోజులలో రాతలో తప్పు దొర్లితే సవరించడానికి ప్రధానంగా మూడు మార్గాలు ఉండేవి. కత్తితో గీకివేయడం, తడిగా ఉన్న సిరాను తుడిచివేయడం, తప్పు మాటపై గీత గీయడం. ఈ మూడింటిలో గీత గీయడమే ఉత్తమమని ఇబ్ను సలాహ్ నిర్ణయించారు. ఆయనకు చాలాముందే ఇమామ్ రామహుర్ముజీ (రహ్మ) ఇదే విషయం వివరించారు. గీసిన గీత ఆ మాట రద్దయిందని స్పష్టంగా తెలపాలి, కానీ కింద ఉన్న మాట చదవడానికి వీలుగానే ఉండాలి. గీకివేసిన చోటు మాత్రం చదివేవారి మనసులో అనుమానం పుట్టిస్తుందని ఆ పెద్దలు భావించారు.

మరో ముచ్చట కూడా ఇబ్ను సలాహ్ గ్రంథంలోనే ఉంది. హదీసు వినిపించే సభకు శిష్యులు కత్తి తీసుకురావడం కొందరు గురువులకు ఇష్టముండేది కాదు. ఎవరైనా తొందరపడి ఏదైనా మాటను గీకివేస్తారేమోనని వారి జంకు. నేడు తప్పుగా తోచిన మాట రేపు మరో గురువు ఉల్లేఖనంలో సరైనదని తేలవచ్చు. గీకివేస్తే దానిని తిరిగి తేవడం కష్టం. గీత మాత్రమే గీసి ఉంటే, పక్కన ‘సహ్’ అని, అంటే ‘సరైనదే’ అని గుర్తు పెడితే సరిపోతుంది.

విడిచిపెట్టిన మాటను చేర్చవలసి వస్తే, ఆ చోటి నుంచి గీత లాగి మార్జినులో రాసేవారు. సందేహం ఉన్న మాటపై ప్రత్యేకమైన గుర్తు పెట్టేవారు గాని, తమకు తోచినట్లు మార్చేవారు కాదు. చదివేవారికి మొదటి రాత, సవరణ రెండూ కనిపించేవి. హదీసు గ్రంథాలపై సమాజానికి కలిగిన నమ్మకంలో ఈ నిజాయితీకి కూడా వాటా ఉంది.

అభిప్రాయాన్ని మార్చుకోవడం మన పెద్దలకు చిన్నతనమనిపించలేదు. ఇమామ్ షాఫయీ (రహ్మ) ఇరాక్‌లో ఉన్నప్పుడు చెప్పిన ఎన్నో అభిప్రాయాలను ఈజిప్టుకు వెళ్లిన తర్వాత మార్చుకున్నారు. ఆయన పాత అభిప్రాయాలు ‘ఖదీమ్’ అనీ, కొత్తవి ‘జదీద్’ అనీ నేటికీ గ్రంథాలలో వేర్వేరుగా కనిపిస్తాయి. మార్పు బహిరంగంగా జరిగింది గనుక ఆయన గౌరవం తగ్గలేదు, పెరిగింది.

ప్రభుత్వ రిజిస్టరులోనూ ఇదే సూత్రం

మన ఇళ్లలో ప్రతి బిడ్డకూ అవసరమయ్యే జనన ధ్రువపత్రం సంగతి చూడండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 15వ సెక్షను, రిజిస్టరులో తప్పు దొర్లితే ఎలా దిద్దాలో చెబుతుంది. మొదటి నమోదును మార్చకూడదు. సవరణను మార్జినులో రాయాలి. రిజిస్ట్రారు దానిపై సంతకం చేసి తేదీ వేయాలి. ఆ మొదటి నమోదుపై ఆధారపడి బడిలో చేరిక, ఆస్తి పంపకం వంటివి జరిగి ఉండవచ్చు గనుక అది కనుమరుగు కాకూడదు. పూర్వపు హదీసువేత్తలు, నేటి శాసనకర్తలు వేర్వేరు అవసరాల కోసం ఒకే పద్ధతికి చేరుకోవడం ఆలోచించదగ్గ విషయం.

ఒప్పుకోలుకు ముందు, ఒప్పుకోలు తర్వాత

అయితే మాట వెనక్కి తీసుకునే హక్కే మనిషికి లేదా? ఉంది. దాని హద్దును మన ధర్మవేత్తలు వ్యాపార ఒప్పందాల సందర్భంలో చక్కగా వివరించారు. హనఫీ ఫిఖ్ ప్రకారం అమ్మకంలో ఒకరి ప్రతిపాదన ‘ఈజాబ్’, మరొకరి అంగీకారం ‘ఖబూల్’. ఖబూల్ వెలువడే లోపు ప్రతిపాదించినవారు తమ మాటను వెనక్కి తీసుకోవచ్చు. వెలువడిన తర్వాత ఆ మాటకు ఇద్దరూ బద్ధులవుతారు.

ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలంటే ముందే షరతు పెట్టుకోవచ్చు. దీనినే ‘ఖియారె షర్త్’ అంటారు. ఈ వ్యవధి 3 రోజులకు మించరాదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఎంత గడువో స్పష్టంగా నిర్ణయించుకుంటే అంతకు మించినా ఫరవాలేదని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయపడ్డారు. గడువు ఎంతన్నదానిలో భేదం ఉంది. కానీ ఆ గడువు ఇరువురికీ ముందే తెలిసి ఉండాలన్నదానిలో భేదం లేదు. ఒకరికి తెలియకుండా మరొకరు మాట మార్చుకునే హక్కు ఎవరూ ఇవ్వలేదు.

దీనినిబట్టి మాకు ఒక విషయం స్పష్టమవుతోంది. గడియారంలోని 15 నిమిషాలు ఒక ఉజ్జాయింపు మాత్రమే. అసలైన హద్దు ఎదుటివారు మన మాటను నమ్మి అడుగు వేసిన క్షణం. వారు అడుగు వేయకముందు దిద్దుకోవడం జాగ్రత్త. అడుగు వేసిన తర్వాత చాటుగా దిద్దడం, గడువు ఇంకా మిగిలి ఉన్నా సరే, మోసానికి దగ్గరి పని.

మన ఇళ్లలో

ఈ సూత్రాన్ని నిత్యజీవితంలో ఎలా అన్వయించుకోవాలో కొన్ని సందర్భాల ద్వారా చూద్దాము.

జనాజా సమయం: ‘జనాజా నమాజ్ జుహ్ర్ తర్వాత’ అని పంపారు. దూరపు ఊరి నుంచి కుమారుడు చేరుకోవడం ఆలస్యమై అస్ర్‌కు మార్చారు. పాత సందేశంలోనే ‘జుహ్ర్’ తీసి ‘అస్ర్’ అని దిద్దితే సరిపోతుందా? సరిపోదు. ఒకసారి చదివినవారు మళ్లీ వెనక్కి వెళ్లి చూడరు. పైగా ఆ సందేశం అప్పటికే ఇతర గ్రూపులకు చేరి ఉంటుంది. మన దగ్గర దిద్దినంత మాత్రాన అలా ముందుకు పంపిన ప్రతులు మారవు. ‘సవరణ’ అని మొదట రాసి, పాత సమయం, కొత్త సమయం రెండూ తెలుపుతూ కొత్త సందేశం పంపాలి. అందినవారు తాము పంపిన ప్రతిచోటికీ దానిని చేర్చాలి.

చేబదులు: అప్పును రాసుకోమని, రాసేవారు న్యాయంగా రాయాలని, అప్పు తీసుకున్నవారు చెప్పేటప్పుడు ఏమీ తగ్గించరాదని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. అల్ బఖరా సూరాలోని ఈ ఆయతు ఖుర్ఆన్‌లోని ఆయతులన్నిటిలో పెద్దది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దనే హితవు కూడా అందులోనే ఉంది. నేడు అన్నదమ్ముల మధ్య 50,000 రూపాయలు చేతులు మారితే ఒక సందేశమే పత్రమవుతోంది. ఇటువంటప్పుడు ‘సరే’ అనో, బొటనవేలి బొమ్మతోనో బదులిస్తే చాలదు. ‘50,000 ముట్టింది, ఈ నెలలో తిరిగి ఇస్తాను’ అని మొత్తం, గడువు తిరగరాసి బదులివ్వాలి. అప్పుడు ఒకవైపు మాట మారినా రెండోవైపు సాక్ష్యం మిగులుతుంది. మొత్తం పెద్దదైతే కాగితం మీద రాసి, సాక్షుల సంతకాలు తీసుకోవడమే ఉత్తమం.

సంబంధాల విచారణ: ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒక అబ్బాయి గురించి అడిగితే, ‘అతనికి ఇదివరకే నిఖా జరిగి విడిపోయాడట’ అని ఎవరో గ్రూపులో రాశారు. కాసేపటికి అది అదే పేరున్న మరొకరి విషయమని తేలింది. వెంటనే సందేశాన్ని తొలగించారు. కానీ ఆ లోపలే నాలుగు ఇళ్ల వారు చదివారు. అమ్మాయి ఫూఫూ తన అన్నకు ఫోను చేసి చెప్పేసింది కూడా. తెర మీద మాట లేదు, మనసులలో ఉంది. పైగా ‘తొలగించారంటే ఏదో ఉండే ఉంటుంది’ అనే కొత్త అనుమానం మొదలవుతుంది. తొలగించడం ఇక్కడ దిద్దుబాటు కానే కాదు. ‘నేను రాసినది వేరే వ్యక్తి విషయం, ఈ అబ్బాయికి దానితో సంబంధం లేదు’ అని అదే గ్రూపులో స్పష్టంగా రాయాలి. చదివినవారికి ఫోను చేసి చెప్పాలి. ఒక యువకుని పరువు, ఒక అమ్మాయి భవిష్యత్తు ఆ రెండు వాక్యాల మీద ఆధారపడి ఉన్నాయి.

సహాయ అభ్యర్థనలు: రక్తం కావాలనో, శస్త్రచికిత్సకు డబ్బు కావాలనో పంపిన సందేశాలు అవసరం తీరిన తర్వాత కూడా నెలల తరబడి తిరుగుతుంటాయి. అభ్యర్థన పంపినప్పుడే తేదీ, సమయం రాయడం, అవసరం తీరగానే ‘అవసరం తీరింది’ అని మరో సందేశం పంపడం పంపినవారి బాధ్యత.

దిద్దుబాటులో మూడు మెట్లు

సత్యాన్ని దాచినవారి గురించి హెచ్చరించిన తర్వాత, అల్ బఖరా సూరాలోనే అల్లాహ్ వారికి క్షమాపణ ద్వారం తెరిచే ఉంచాడు. అయితే అక్కడ మూడు విషయాలు కలిపి చెప్పబడ్డాయి. పశ్చాత్తాపం చెందడం, తమను సంస్కరించుకోవడం, దాచినదానిని విశదపరచడం. మన సందేశాల విషయంలో మొదటి రెండూ చాలామంది చేస్తారు. బాధపడతారు, సందేశాన్ని తీసివేస్తారు. మూడో మెట్టు దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే విశదపరచడానికి నలుగురిలో తల వంచవలసి వస్తుంది. కానీ మాట నలుగురికి చేరింది గనుక సవరణ కూడా ఆ నలుగురికీ చేరాలి. తోటి మనుషుల హక్కులకు భంగం కలిగినప్పుడు ఏకాంతంలో పడే పశ్చాత్తాపం ఒక్కటే సరిపోదని మన పెద్దలు ఎప్పుడూ బోధించారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎవరైనా కోపంలో ఒక మాట రాసి, మరుక్షణం సిగ్గుపడి తొలగిస్తే, ఆ లోపలే దాని ఫోటో తీసి దాచుకోవడం, పదిమందికి చూపడం నేడు వేడుకైపోయింది. తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చినవారి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పిపుచ్చుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఎవరికీ హాని కలగకముందే వెనక్కి తీసుకున్న మాటను మరచిపోవడం చదివినవారి ధర్మం. అలాగే నిజాయితీగా సవరణ పంపినవారిని ఎగతాళి చేయకూడదు. తప్పు ఒప్పుకున్న ప్రతిసారీ నవ్వులపాలైతే, తర్వాతిసారి వారు చాటుగా తుడిచివేసే దారే ఎంచుకుంటారు. ముఖ్యంగా పిల్లల విషయంలో దీనిని గుర్తుంచుకోవాలి. ‘నేను తప్పుగా పంపాను’ అని బిడ్డ చెప్పినప్పుడు అబ్బా, అమ్మీ ఆ మాటను మెచ్చుకుంటే, దిద్దుకోవడం అవమానం కాదని ఆ బిడ్డకు చిన్ననాడే అలవడుతుంది.

ఈ నెలలో మన కుటుంబ గ్రూపులలో ఒక చిన్న నియమం పెట్టుకుందాము. అక్షరదోషమైతే గడువు లోపల దిద్దుకుందాము. తేదీ, సమయం, డబ్బు, ఒకరి పరువు - ఈ నాలుగింటిలో ఏది మారినా ‘సవరణ’ అని రాసి, పాతది, కొత్తది రెండూ తెలుపుతూ మళ్లీ పంపుదాము. ఆ పనికి ఏ సంస్థా గడువు పెట్టలేదు. పావుగంట దాటినా, సంవత్సరం దాటినా, మనం బతికి ఉన్నంతవరకు ఆ ద్వారం తెరిచే ఉంటుంది.

పలికే ముందు ఆలోచించే వివేకాన్ని, పలికిన తర్వాత తప్పు తెలిస్తే బహిరంగంగా దిద్దుకునే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.